దండలో మూడు తక్కువ

ఫిబ్రవరి 1, 1981. ఆదివారం

బుధవారం అమావాస్య. కొట్టు ఎలాగూ మూసేస్తాం. నాన్న మళ్ళీ ఎత్తుకున్నాడు, పెద్దచింతల దగ్గరికి పోయొద్దామని. త్రాసులో వేసే గురివింద గింజలు అరిగి నున్నబడ్డాయట, ఒకదానితో ఒకటి తూగడం లేదట. ఇత్తడి తూకపు రాళ్ళు ఉన్నాయి కదా అంటే వినడు.

"గ్రాములు గవర్నమెంటుకిరా. ముసలమ్మలకి గింజే."

అదీ నిజమే. వత్సవాయి నుంచి వచ్చే పెద్దావిడ అవతలి పళ్ళెంలో గింజ వేస్తే తప్ప నా బంగారం బంగారమని నమ్మదు.

అసలు సంగతి గింజలు కాదు. చూపు పూర్తిగా పోయేలోపు ఆ చెట్లు ఒక్కసారి చూడాలని. ఆ మాట మాత్రం నోటితో అనడు.

లక్ష్మి — "అమావాస్య పూట పసిపిల్లనేసుకుని చెట్ల కిందకా?"

కంసాలి పెళ్ళానికి అమావాస్యే కదా సెలవు అన్నాను. మూతి తిప్పింది. కానీ పులిహోరకి చింతపండు నానబెట్టమంటావా అని మూడుసార్లు అడిగింది.

ఫిబ్రవరి 2

బుజ్జి చేతికి దండ చేశాను. పాత గురివిందల్లో మెరుపు తగ్గనివి ఏరి, సూది ఎర్రగా కాల్చి, ఒక్కోదానికీ బెజ్జం. ఇరవై ఒకటి. రాగి తీగ అయితే చెయ్యి గీసుకుంటుందని నూలు దారం వేశాను. ఎర్రగా, నల్ల చుక్కలతో ఎంత ముద్దుగా ఉందో. దిష్టికీ మంచిదే.

నాన్న తడిమి చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

"గురివిందకి బెజ్జం పెట్టరురా. చుట్టూ తీగతో కట్టాలి."

ఎందుకని?

"పెట్టరంతే."

ఈయన దగ్గర పని నేర్చుకున్నన్నాళ్ళూ ఇదే. చెయ్యరంతే, ముట్టరంతే. నాకు తల నెరుస్తోంది, ఇంకా ఒక్కదానికీ కారణం చెప్పడు. దండ బుజ్జి చేతికి వేసేశాను. బాగుందా అంటే తల ఊపింది. నొప్పిగా ఉందా అన్నా ఊపింది. నాలుగేళ్ళొచ్చాయి, ఏది అడిగినా తల ఊపడమే.

ఫిబ్రవరి 4. బుధవారం, సాయంత్రం

భయం ఇంకా పోలేదు. అక్షరాలు వంకర. మొదటి నుంచి రాస్తే తగ్గుతుందేమో.

ఏడు గంటల బస్సుకి వెళ్ళి చిల్లకల్లులో దిగాం. అక్కడి నుంచి నడక. మైలున్నర కూడా ఉండదు, బండ్లబాట, ఎగుడూ దిగుడూ లేదు. నాన్న నా భుజం పట్టుకుని. బుజ్జి లక్ష్మి చంక దిగి ముందు పరుగు. మిరపచేలు ఎరుపెక్కాయి. వాగులో చీలమండ దాకా నీళ్ళు. బుజ్జి అటూ ఇటూ నాలుగుసార్లు దాటింది, గౌను తడిపేసుకుంది, లక్ష్మి ఒకటి అంటించబోయి నవ్వేసింది. అప్పటిదాకా అంతా బాగుంది. ఈ మాట రాయడానికి కూడా భయంగా ఉంది.

పెద్దచింతలు. ఏడు. దండుబాట పక్కన నవాబుల నాడు నాటారంటారు. అంతకుముందువే అంటాడు నాన్న. కొసలు చూడబోతే మెడ పట్టేస్తుంది. మొదళ్ళు గుల్లపడి లోపల మనిషి నిలబడొచ్చు, పైన మాత్రం పచ్చగా, నిండా కాయ. కింద ఎండ పడదు. అడుగు పెట్టగానే చలి. పిట్టలన్నీ పైపైనే అరుస్తాయి, కిందికి దిగవు. గురివింద తీగ కొమ్మల్లోకి పాకి, ఎండిన కాయలు విచ్చుకుని, ఎక్కడ చూసినా ఎర్ర గింజలు.

నాన్న నాలుగో చెట్టు దగ్గర ఆగాడు. ఆనని కళ్ళతో అదే నాలుగోదని ఎలా తెలిసిందో. బెరడు మీద అరచెయ్యి పెట్టి, "ఇంకా లావైంది" అన్నాడు, ఎదిగిన మనవడి వీపు తట్టినట్టు.

పాత గింజలు గుప్పెడు చెట్టు మొదట్లో పోశాడు. కొత్తవి తీసుకునే ముందు పాతవి చెట్టుకి తిరిగివ్వడం మా ఇంటి ఆనవాయితీ. ఆయన చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ చేతులు పట్టుకుని ఈ చెట్టుని చుట్టేవాళ్ళట. ఐదుగురు పట్టేవాళ్ళట.

"మనం నలుగురం. చూద్దాం పట్టండి" అంది లక్ష్మి.

లక్ష్మే అంది. దారంతా ఆ మాట ఎందుకన్నానా అని తల కొట్టుకుంది.

మొహం బెరడుకి ఆనించి, చేతులు బారజాపి. నా కుడిచేతిలో నాన్న చెయ్యి. నాన్నకి అవతల లక్ష్మి. బుజ్జి లక్ష్మి దగ్గర ఉందనుకున్నాను. నా దగ్గర ఉందనుకుంది లక్ష్మి. అటువైపు మనిషి ఇటువైపు కనపడడు, అంత చెట్టు. "అందిందా?" నాన్న అరుస్తున్నాడు. "ఇంకాస్త" అని నేను. నవ్వులు. ఎంతసేపని... రెండు నిమిషాలు. మూడేమో.

చేతులు వదిలి ఇటు తిరిగేసరికి వేర్ల మధ్య కూర్చుని ఉంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. దండ తెగి ఒళ్ళో పడి ఉంది. లక్ష్మి నోట్లో వేలు పెట్టి తీసింది. నాలుగు గింజలు. చెట్టువి, కొత్తవి, గట్టిగా.

"మింగావా?"

తల ఊపింది.

"నమిలావా?"

ఊపింది.

"నమల్లేదా?"

ఊపింది.

గడ్డిలోవి, ఒళ్ళోవి దండ గింజలు దొరికినన్ని జేబులో వేసుకున్నాను. పిల్లనెత్తుకుని పరుగు. నాన్న మా కేకలు పట్టుకుని వెనక నడిచాడు పాపం, వాగు దగ్గర పడ్డాడు కూడా. రోడ్డు మీద లారీ ఆపి మా ఊరు పేట చేరాం.

డాక్టరు గారు కడుపు నొక్కి చూశారు, నాలుక చూశారు. తీసిన నాలుగు గింజలూ చూశారు.

"నమల్లేదుగా?"

"లేదండి. వచ్చినయ్యన్నీ గట్టిగానే ఉన్నయ్" అంది లక్ష్మి.

"అయితే ఏం కాదమ్మా. లోపల పప్పే విషం. పై తోలు పగలకపోతే గింజ గింజలాగే బయటికొచ్చేస్తుంది."

లక్ష్మి అక్కడే ఏడ్చేసింది, సంతోషంతో. నేనూ ఆయనకి దణ్ణం పెట్టాను.

అదే రోజు, దీపాలు పెట్టాక

జేబులోవి పనిపీట మీద పోశాను. పద్దెనిమిది.

మళ్ళీ లెక్కపెట్టాను. చొక్కా జేబు తిరగేశాను. పీట కింద చూశాను. పద్దెనిమిదే.

పై తోలు పగలకపోతే, అన్నారు ఆయన. ఇరవై ఒక్కదానికీ నేనే పగలగొట్టాను, అటునుంచి ఇటు వెలుతురు కనిపించేలా.

బుజ్జి గుమ్మంలో ఆడుకుంటోంది. బాగానే ఉంది. పెరుగన్నం తింది. లక్ష్మి వంటింట్లో ఏదో కూనిరాగం తీస్తోంది. భయం తీరిపోయిందిగా దానికి. ఇప్పుడు వెళ్ళి ఎలా చెప్పను. నాన్న వద్దన్నాడు, నేను వినలేదు — అదీ చెప్పాలి. మూడూ గడ్డిలోనే పడి ఉంటాయి. తప్పకుండా గడ్డిలోనే. తెల్లవారగానే వెళ్ళి ఏరుకొస్తాను. దొరికితే చెప్పాల్సిన పనే లేదు.

ఫిబ్రవరి 5. నందిగామ ఆసుపత్రి

రాయడం కూడా సిగ్గుగా ఉంది. రాస్తాను.

వెలుగు రాకముందే సైకిలేసుకుని పోయాను. చింతల కింద ఇంకా చీకటి. మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను. నాలుగో చెట్టు చుట్టూ గురివిందలే. కాయల్లోంచి రాలినవి. నిన్న నాన్న పోసినవి. తాత పోసినవి, వాళ్ళ తాత పోసినవి మట్టిలో రంగు పోయి. ఒక్కోటీ తీసి, వెలుతురుకి పెట్టి, బెజ్జం కోసం చూడటం. అందులో బెజ్జం ఉన్న మూడింటిని వెతుకుతున్నాను. నెత్తి మీద అంత చెట్టు ఊరికే నిలబడి చూస్తోంది. నాకు భయమేసింది, ఇంత పెద్దవాణ్ణి. ఎవరో వెనక నిలబడి ఎంచుతున్నట్టు ఉంది.

ఒకటి దొరికింది. బెజ్జంలో నూలుపోగు కూడా ఉంది. ముద్దు పెట్టుకున్నాను దాన్ని. ఇంకా రెండు.

ఎండెక్కేదాకా వెతికాను. ఇంక లేవు.

ఇంటి ముందు మా వీధిలో ఉండే మస్తాన్ అద్దె కారు. వెనక సీట్లో లక్ష్మి ఒళ్ళో బుజ్జి, తుండుగుడ్డలో చుట్టి. మూడు వాంతులట. డాక్టరు గారు చూసి నందిగామ తీసుకుపొమ్మన్నారట.

"ఎక్కడికి పోయారండీ పొద్దున్నే? ఎక్కడికి పోయారు?"

కారెక్కాను. చెప్పలేదు. కారులో కూడా చెప్పలేదు. చిల్లకల్లు దాటింది. అటువైపు చూడలేదు. మస్తాన్ నా మొహం అద్దంలో చూస్తూనే ఉన్నాడు. "భయపడమాకండి ఆచారి గారూ, అరగంటలో దింపుతా." బుజ్జి కళ్ళు మూసుకునే ఉంది. పిలిస్తే తల ఊపింది.

డాక్టరమ్మ అడిగింది, "గింజ పగిలిందా, లేదా?"

"లేదండి" అంది లక్ష్మి.

అప్పుడు నోరు వచ్చింది. "రెండింటికి బెజ్జం ఉందండి. దండవి. నేనే పెట్టా."

డాక్టరమ్మ కలం ఆపింది. "మీకెప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం."

లక్ష్మి నా వైపు తిరిగింది. "నిన్ననా?"

అంతే. ఆ తర్వాత మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

సూది కాల్చి గుచ్చానని చెప్పాను. వేడికి విషం కొంత చచ్చి ఉండొచ్చంది డాక్టరమ్మ. ఉండకపోనూ వచ్చంది. దీనికి విరుగుడంటూ లేదట. కడుపు కడిగారు. ముక్కులోంచి గొట్టం. నిన్ననే వచ్చి ఉంటే, అని మొదలుపెట్టి ఆపేసింది ఆవిడ. ఆ ఆపేసిన మాటే చెవుల్లో ఉంది.

ఫిబ్రవరి 6

విరేచనంలో రక్తం.

సెలైను ఎక్కించడానికి నరం దొరకలేదు. రెండు చేతులూ గుచ్చారు. చివరికి కాలికి. సూది చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తోంది. ఇన్నేళ్ళూ సూది పట్టి బతికినవాణ్ణి.

"ఇంకో రెండు రోజులు చెప్పలేం" అంది డాక్టరమ్మ.

దేవుడా.

ఫిబ్రవరి 6, మధ్యాహ్నం

పెదాలు ఎండిపోయాయి. నీళ్ళు అడుగుతోంది, తాగితే వాంతి. మంచానికి అటు లక్ష్మి, ఇటు నేను. బుజ్జి ఒక చెయ్యి తన చేతిలో, ఇంకో చెయ్యి నా చేతిలో. లక్ష్మి రెండో చెయ్యి నాకు అందేంత దూరంలోనే ఉంది. పట్టుకోబోతే తీసేసుకుంది.

ఫిబ్రవరి 7

నాన్నని తీసుకొచ్చాడు మస్తాన్. మోకాలికి కట్టు, వాగులో పడ్డప్పటిది. మంచం తడుముకుంటూ వచ్చి బుజ్జి పాదం పట్టుకుని కూర్చున్నాడు.

వరండాలో అడిగాను. అడగడం కాదు, మీద పడ్డాను. ఎందుకు పెట్టకూడదో ఆ రోజే చెప్తే నీ సొమ్మేం పోయింది?

"పప్పు విషంరా. నూరి పశువులకి పెట్టి చంపేవాళ్ళు. నేనూ పెద్దయ్యాకే విన్నా."

మరి నాకెందుకు చెప్పలేదు?

మోకాలి కట్టు తడుముకున్నాడు. "మా నాన్న నాకు చెప్పలా. పెట్టొద్దన్నాడు, నేను పెట్టలా."

కోపం ఎటు పోయిందో. పక్కన కూర్చున్నాను. నీ తప్పు లేదురా అంటాడేమోనని చూశాను. అనలేదు.

నేను చెప్పకుండా దాచింది ఒక్క రాత్రి. మా ఇంట్లో ఎన్ని తరాలుగా చెప్పకుండా ఉన్నారో. దానికీ దీనికీ పోలిక తెచ్చుకుని నన్ను నేను ఓదార్చుకుంటున్నాను. తెలుస్తూనే ఉంది.

ఫిబ్రవరి 8. ఆదివారం

లక్ష్మి మస్తాన్ చేత ఇంటినుంచి పళ్ళెం తెప్పించింది. కొట్టు ఊడ్చిన దుమ్ము దాచి ఏడాదికోసారి కడుగుతుంది, ఆ పళ్ళెం. నీళ్ళు పోసి, తిప్పి, తిప్పి, మట్టి పోగొట్టి, అడుగున మిగిలిన బంగారపు నలుసు వేలితో తీస్తుంది. అంత చేతినేర్పు నాకు లేదు.

ఇప్పుడు అందులో బుజ్జి విరేచనాల గుడ్డలు కడుగుతోంది. ఆసుపత్రి వెనక కుళాయి దగ్గర, ముక్కుకి కొంగైనా అడ్డం పెట్టుకోకుండా. నేను చేస్తానన్నాను. వినపడనట్టే ఉంది.

చెట్టువి రెండు వచ్చాయి. గట్టిగా, కడిగితే మెరిశాయి.

సాయంత్రం, ఒకటి. ఉబ్బి ఉంది. బెజ్జం ఉంది.

తడి అరచేతిలో పెట్టి నాకు చూపించింది. నేను తీసుకుందామని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. డాక్టరమ్మ దగ్గరికి నడిచి పోయింది.

ఇరవై. ఇంకొకటి.

ఫిబ్రవరి 9

రక్తం తగ్గింది. జ్వరం ఉంది. డాక్టరమ్మ మొహం చదవడానికి ప్రయత్నిస్తున్నాను రోజూ. ఇవాళ కొంచెం తేలిగ్గా ఉన్నట్టు ఉంది. లేక ఆవిడింట్లో ఏదైనా శుభవార్తో.

ఫిబ్రవరి 10

గంజి అడిగింది! "ఉప్పేసి" అంది.

మూడు చెంచాలు. నిలిచింది. వరండాలోకి పోయి గోడకి మొహం పెట్టి ఏడ్చాను. మస్తాన్ చూసి బీడీ ఇచ్చాడు, నేను తాగనని తెలిసి కూడా.

ఫిబ్రవరి 12

రేపు ఇంటికి పొమ్మన్నారు. గండం గడిచినట్టే అన్నారు. "ట్టే" అన్నది వదలడం లేదు నన్ను. ఇంకో గింజ సంగతి అడిగాను. ముందే పోయి ఉండొచ్చు, అసలు మింగకపోయి ఉండొచ్చు, చూసుకుంటూ ఉండండి, కడుపునొప్పి అంటే ఆలస్యం చెయ్యకండి. ఆఖరి మాట నా వైపే చూసి అంది ఆవిడ. అనాల్సిందే.

ఫిబ్రవరి 13. పేట

ఇల్లు. బుజ్జి చేతులు పుల్లల్లా ఉన్నాయి. గుచ్చిన చోటల్లా నలుపు.

"నాన్నా, నా దండేది?"

పద్దెనిమిదీ, దొరికిన ఒకటీ డబ్బాలో ఉన్నాయి. నాన్న అడిగి తీసుకున్నాడు. కుంపటి దగ్గర కూర్చుని, లక్క కరిగించి, ఒక్కో బెజ్జం తడిమి మూస్తున్నాడు. చూపు లేదు కదా, వేళ్ళు కాల్చుకుంటున్నాడు. ఎందుకు, పారేస్తే పోదా అన్నాను.

"చెట్టుకి తిరిగియ్యాలిగా. బెజ్జంతో ఇస్తామా? ఏ పిల్లలు ఏరుకుంటారో."

పక్కన కూర్చుని నేనూ ఒకటి తీసుకున్నాను.

త్రాసులో గింజలు తీసేశాను. ముసలమ్మలు నమ్మకపోతే నమ్మకపోనీ.

ఫిబ్రవరి 15

లక్ష్మి రోజూ పెరట్లో పళ్ళెం పట్టుకుని కూర్చుంటోంది. ఎన్నాళ్ళు అన్నాను.

"కనపడేదాకా."

పది రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

ఫిబ్రవరి 16

ఇవాళ కనపడలేదు. ఎర్రగా ఏది కనపడినా గుండె ఆగుతోంది. కుంకుమ భరిణె. మిరపపండు. రోడ్డు మీద ఎవరి జడలోనో రిబ్బను.

ఫిబ్రవరి 17. పొద్దున

బుజ్జి పక్కింటి పిల్లలతో ఆడి వచ్చి గుమ్మంలో కూర్చుంది. ముందుకు వంగి, కడుపు పట్టుకుని.

"నొప్పా?"

తల ఊపింది.

రేగుపళ్ళు తిన్నావా? ఊపింది. ఎక్కువ తిన్నావా? ఊపింది. రేగుపళ్ళే అయి ఉంటుంది. ఈ కాలంలో ఏ పిల్లలు తినరు. కాసేపు చూసి, వాము నమిలిస్తే—

కాసేపు చూద్దామని ఆ అమావాస్య రాత్రి కూడా ఇలాగే అనుకున్నాను.

"లక్ష్మీ!" అని కేకేశాను. వీధి అంతా వినపడేలా. పళ్ళెం పెరట్లో పడిన చప్పుడు. తడి చేతులతోనే వచ్చింది. ఏమిటని అడగలేదు, నా మొహం చూసింది, పిల్లనెత్తుకుంది. మస్తాన్ ఇంటికి నాన్నే బయల్దేరాడు, గోడ పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా.

హారను వినపడుతోంది. లక్ష్మి గుమ్మం దాటుతూ ఆగి, వెనక్కి చూసి, ఖాళీగా ఉన్న చెయ్యి నా వైపు చాపింది. వెళ్తున్నాను.